మోసికొనిపోవు నీడ

ఈ నడుమ మా వీధి యువకులు నలుగురు కొండవీటి కొండపై ఒక రాత్రి గడపవలెనని సంకల్పించి, అందులకు తగిన డేరా ఏదియో చెప్పుడని మా యింటికి వచ్చిరి. వారి చేతిలో దుకాణముల ధరల పట్టీలు రెండు మూడు కలవు. ఒక డేరా రెండు కిలోల బరువు, మరియొకటి ఆరు కిలోలు; ఒకటి నైలాను, మరియొకటి నూలు. మేము చరిత్ర చదువుకొన్నవారమే కాని డేరాల వర్తకులము కాము. అయినను ఆ పట్టీలను చూచుచుండగా మాకొక సంగతి తోచినది. గుంటూరు, ప్రకాశం సీమలలో డేరాను గూర్చి ప్రశ్న పుట్టినపుడెల్ల, దానిని మోయువాడెవడు అను ప్రశ్న దాని వెంబడినే పుట్టుచు వచ్చినది. ఆ యువకులతో ఆనాడు ముచ్చటించిన మాటలనే కొంత పెంచి శ్రోతలకు విన్నవించుచున్నాము.

ముందు నేలను చూడవలెను. కృష్ణకు దక్షిణమున, పల్నాటి రాళ్లకును సముద్రపు టిసుకకును నడుమ, నల్లరేగడి పరచుకొని యున్నది. పత్తియు మిరపయు పండు నేల యిది. చెట్టు తక్కువ, ఎండ ఎక్కువ. వేసవిలో ఈ నేల నెర్రెలు విచ్చును. కొన్ని నెర్రెలలో చేయి మోచేతి వరకు దూరును. అట్టి చోట మేకు కొట్టినచో గట్టిగా పట్టినట్లే యుండి, తెల్లవారుజామున గాలి తిరిగినపుడు మట్టిపెడ్డతో సహా లేచివచ్చును. వాన పడినదా, అదే నేల ఉబ్బి మెత్తనై మేకును పట్టనే పట్టదు. చెప్పునకు శేరు మట్టి అంటుకొనును. చీరాల, వేటపాలెము వైపు పోయిన ఇసుక; అందు మేకు నిలువదు. కొండవీడు, బెల్లంకొండ ఎక్కిన రాయి. అందు మేకు దిగదు. డేరా అనగా త్రాళ్లును మేకులును అని తలచువానికి ఈ సీమ అంతయు శత్రువే.

ఈ చిక్కును మనకంటె ముందే విప్పినవారు సంచారజాతుల వారు. ఎరుకలవారి గుడిసె యెట్టిదో పెద్దవారు చూచియే యుందురు. వెదురు బద్దలను విల్లువలె వంచి రెండు కొనలను నేలలో గ్రుచ్చి, వానిపై ఈతాకు చాపలు కప్పుదురు. బద్ద తన వంపుచేతనే బిగిసి నిలుచును. త్రాటి పని స్వల్పము. తెల్లవారగనే చాపలు చుట్టి గాడిదపై వేసిన ఇల్లు నడచును. నేడు అంగళ్లలో గుమ్మటపు డేరాలని అమ్ముచున్నవాని సూత్రము ఇదియే, వెదురునకు బదులు అల్యూమినియము కడ్డీ వచ్చినది. లంబాడీల పద్ధతి వేరు. వారు ఎద్దులమీద ధాన్యమును ఉప్పును మోయించుచు తండాలుగా సాగెడివారు. రాత్రి మజిలీలో బస్తాలనే గోడవలె పేర్చి, వాని చాటున పండుకొనెడివారు. సరకే గోడ, గోడయే సరకు. నీడ కొరకు ప్రత్యేకముగ మోయవలసిన బరువు వారికి మిక్కిలి తక్కువ. ఇక గొల్లవారి గొంగడిని చెప్పనే అక్కరలేదు. పగలు భుజముమీది బట్ట, వానలో గొడుగు, రాత్రి ఇల్లు. ఉన్ని నూలువలె తడిని వెంటనే పీల్చుకొనదు; చినుకులు పైపైనే జారిపోవును. తడిసినను వెచ్చదనమును పూర్తిగా విడువదు. ఇంత చవుకగా ఇన్ని పనులు చేయు వస్తువును నేటి యే కంపెనీయు చేయలేదని మా నమ్మకము. బరువుమాట నిజమే, తడిసిన గొంగడిని ఎత్తినవానికే దాని సంగతి తెలియును.

నీడయే లేక తిరిగినవారు కూడ ఈ సీమకు వచ్చిరి. వారిని గూర్చి తలచుకొనుటకు ఇప్పటికిని మనసు ఒప్పదు. 1816వ సంవత్సరము మార్చి మాసమున పిండారీలు గుంటూరు సీమపై వచ్చి పడిరి. వారికి డేరాలు లేవు, సామాను బండ్లు లేవు. గుర్రము, బల్లెము, గుర్రమునకును తనకును కొద్దిపాటి తిండి, ఇంతియే వారి సరంజామా. రాత్రియని ఆగుట లేదు. నిలిచినచోట కళ్లెము పట్టుకొని కునుకు తీయుటయే. కంపెనీవారి సిపాయిదళములు డేరాలతో, బండ్లతో, వంటసామానుతో కదలునప్పటికి వారు ఒక పరగణా దాటి మరియొక పరగణాలో ఉండిరి. పండ్రెండు దినములు నిండకముందే 339 గ్రామములను దోచిరి. 182 మందిని చంపిరి. 505 మందిని గాయపరచిరి. దాచిన సొమ్ము చూపుడని 3,600 మందికి పైగా చిత్రహింసలు పెట్టిరి. ఇవి తరువాత విచారణలో కంపెనీవారే లెక్కకట్టిన సంఖ్యలు. తేలికదనము అనునది స్వతః మంచి గుణమని పలుకువారు ఈ లెక్కను ఒకమారు చదువవలెను. కంపెనీ ప్రభువులు మధ్యహిందూస్థానమున పిండారీలపై యుద్ధము ప్రారంభించుటకు ఈ గుంటూరు దోపిడియు ఒక ముఖ్యకారణమయ్యెను.

ఇప్పుడు బరువైన డేరా సంగతి. 1788లో గుంటూరు సర్కారు కంపెనీవారికి స్వాధీనమై, 1794లో జిల్లాగా ఏర్పడినది మొదలు, దొరలు ఏటేట గ్రామములపై తిరుగుట ప్రారంభమైనది. కొలతలకు కొందరు, శాసనములకు కొందరు, జమాబందీకి కలెక్టరు. అమరావతి దిబ్బను 1797లో చూచిన మెకంజీ వంటి వారు రాళ్లను, కైఫీయతులను వెదకుచు తిరిగిరి. వారికి మనము ఋణపడియే యున్నాము. అయితే జమాబందీ మజిలీ అనిన ఊరివారికి గుండె దడదడలాడెడిది. మామిడితోపులో దొరగారి డేరా లేచును. అది రెండు కప్పులది. పైకప్పు ఎండను ఆపగా, రెండు కప్పుల నడుమ గాలి ఆడి లోపల చల్లగా నుండును. చుట్టును కనాతులు. కచ్చేరికి ఒక డేరా, భోజనమునకు ఒకటి, నౌకర్లకు రావుటీలు. ఇట్టివి రెండు జతలుండుటయు కద్దు: దొరగారు ఒక డేరాలో నిద్రించుచుండగా రెండవ జత రాత్రికి రాత్రి బండ్లపై తరువాతి మజిలీకి పోయి, ఉదయము వారు గుర్రము దిగునప్పటికి సిద్ధముగ నిలిచియుండును.

ఆ బండ్లు ఎవరివి? ఎద్దులెవరివి? నిట్రాటలు ఎత్తిన చేతులెవరివి? గ్రామసేవకునకు మన సీమలో వెట్టివాడు అని పేరు. ఆ పేరులోనే కూలి లేదను సంగతి తేటగా నున్నది. బండ్లు రైతులవి. కట్టెలు, కుండలు, గడ్డి, కోళ్లు ఊరివి. వీనికి ఖరీదు ముట్టవలసినదని ఉత్తరువులుండెడివి, ముట్టుట వేరు. పత్తి తీయు రోజులలో, మిరపకాయ కల్లములో ఆరు రోజులలో ఎద్దులను విప్పి డేరాబండికి కట్టవలసివచ్చిన రైతు ఏమనుకొనెడివాడో రికార్డులలో వ్రాసియుండదు. డేరా నిజమైన బరువు పడినది ఆ రైతు కాడిమీద.

స్వంత ఖర్చుపై డేరాతో తిరిగిన తెలుగువారిలో ఏనుగుల వీరాస్వామయ్యగారు అగ్రగణ్యులు. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషీగా నుండిన వీరు 1830 మే 18న కాశీకి బయలుదేరి, ఇంచుమించు నూరుమంది పరివారముతో పోయి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరిరి. పోవునపుడు శ్రీశైలము, హైదరాబాదు, నాగపురము. వచ్చునపుడు గయ, కలకత్తా, జగన్నాథము, ఉత్తర సర్కారుల కోస్తా మార్గము. పల్లకీ బోయీలు, డేరాలు వెంటనుండెను. వారి వ్రాతలు 1838లో కాశీయాత్రచరిత్రగా అచ్చయినవి. ఆ గ్రంథమును యాత్రాకథగా చదువువారు పెక్కురు; మేము మజిలీల పుస్తకముగ కూడ చదువుదుము. ఏ యూర దిగుటకు వసతి కలదు, ఎచట నీరు మంచిది, ఎచట అంగళ్లు కలవు, దారి ఇసుకయా రేగడియా, ఇవన్నియు ఊరూర గుర్తించిరి. డేరా చేతనుండియు ఊరిలోని చావడిని, సత్రమును, నీడచెట్లను ఆయన విచారించుట గమనింపదగినది. బయట గుడ్డ క్రింద పండుకొనుట ఆనాటి యాత్రికునకు విలాసము కాదు. వేరు గతి లేనపుడు చేయు పని.

పందొమ్మిదవ శతాబ్ది గడచుచుండగా బండిబాటలు, రైళ్లు వచ్చినవి. 1899 నాటికి బెజవాడ నుండి తీరము వెంబడి చెన్నపట్టణమునకు రైలు నడచెను. చినగంజాము, కనుపర్తి వైపు కొఠారుల ఉప్పు రైలెక్కినది. గాడిదలమీద, ఎద్దులమీద ఉప్పు మోసి మెట్టసీమలో ధాన్యమునకు మార్చుకొనుచుండిన ఎరుకలవారికిని లంబాడీలకును బ్రతుకుతెరువు పోయినది. తెరువు పోయినవానిని అనుమానించుట రాజ్యములకు సులభము. 1871 నాటి నేరజాతుల చట్టమును 1911లో సవరించి మద్రాసు రాజధానికి వర్తింపజేసిరి. 1913లో బాపట్లకు చేరువ, రైలుమార్గమునకు ప్రక్కన, సాల్వేషన్ ఆర్మీవారి అజమాయిషీలో ఎరుకలవారికై ఒక సెటిల్‌మెంటు వెలసెను. గవర్నరు కౌన్సిలు సభ్యుడు హెరాల్డు స్టూవర్టు పేర దానికి స్టూవర్టుపురము అని నామకరణము చేసిరి. భూములిచ్చిరి, పాఠశాల పెట్టిరి, అది నిజమే. హాజరు పట్టీ పెట్టిరి, అదియు నిజమే. సెలవు లేక పొలిమేర దాటుట నేరము. తాతల నాటి నుండి చాప చుట్టి గాడిదపై వేసినవానికి, చాప చుట్టుటయే అపరాధమైనది. ఆ చట్టము దేశమంతట 1952లో రద్దయ్యెను. ఆ పేరు మోసిన కళంకము ఆ యేటితో తీరలేదని ఆ యూరివారు చెప్పుదురు.

అక్కడికి కొద్ది మైళ్లలోనే, ఎనిమిదేండ్లకు, దీనికి సరిగా ఎదురైన కథ జరిగినది. చీరాల పేరాల గ్రామములను కలిపి ప్రభుత్వమువారు పురపాలకసంఘముగ చేసిరి. సాలుకు నాలుగువేల రూపాయలుండిన పన్ను నలుబది వేలకు ఎగబ్రాకెను. జనులలో పెక్కురు నేతగాండ్రు. ఆ సొమ్ము ఎచటి నుండి తెత్తురు? పన్ను ఇయ్యమనిరి; కొందరు చెరసాలకు పోయిరి. 1921 ఏప్రిలు మొదట బెజవాడ కాంగ్రెసు సభ ముగిసిన తరువాత గాంధీమహాత్ముడు చీరాలకు వచ్చి, అహింస తప్పక పన్ను నిరాకరించుట ఒక మార్గమని, ఊరు విడిచి పురపాలకపు హద్దు దాటిపోవుట మరియొక మార్గమని తెలిపెను. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు రెండవ మార్గమును పట్టిరి. ఏప్రిలు 25న ఊరు కదలెను. పదునైదు వేల చిల్లర జనములో పదుమూడు వేలకు పైగా హద్దు దాటి ఇసుకనేలలో పాకలు వేసికొనిరి. ఆ చోటికి రామనగరమని పేరు పెట్టిరి.

ఇచట మనము ఒక్క నిమిషము నిలువవలెను. చరిత్రకారులు ఈ ఘట్టమును చెప్పునపుడు నాయకుని వాగ్ధాటిని, రామదండు క్రమశిక్షణను చెప్పి సాగిపోదురు. మాకు మాత్రము ఆ పాకలే కనులకు కట్టుచుండును. వైశాఖపు ఎండ ముందున్నది. తీరమున తాటిచెట్టునకు కొరత లేదు. ఆకు, వెదురు, పురికొస, ఇవి చేతికందునవి. తాటాకు తేలికది, ఒకరిద్దరు మోయగలరు, వేడిని ఆపును. అయితే నిప్పురవ్వ పడినచో ఒక వరుసంతయు పోవును. పొయ్యిని పాకకు ఎంత దూరమున పెట్టవలెను, వరుసకును వరుసకును ఎంత ఖాళీ విడువవలెను, ఇట్టివి వేలమంది కలిసి ఆలోచింపవలసిన విషయములు. వేసవి పోయిన వానలు. వానలు పోయిన ఆశ్వయుజ కార్తికముల తుపాను గాలి. పాకను మోసికొనిపోవచ్చును గాని మగ్గపు గుంటను ఎట్లు మోయుదురు? గుంటమగ్గము ఇంటి నేలలో త్రవ్విన గోతిలో కాళ్లు పెట్టి నేయునది. ఇసుకలో గోయి త్రవ్విన అంచు విరుగును, చినుకు పడిన నిండును. నేతగానికి ఇల్లనగా కప్పు మాత్రమే కాదు, ఆ గోయి కూడ. ఇన్నిటిని ఎరిగియే వారు పోయిరి. ఇంచుమించు పదునొకండు నెలలు ఆ పాకలలో కాపురముండిరి. గోపాలకృష్ణయ్యగారిని ప్రభుత్వము చెరబట్టి ఒక యేడు శిక్షించెను. చేతిలో సొమ్ములేక, నాయకుడు దగ్గరలేక, 1922లో జనులు ఇండ్లకు మరలిరి. పురపాలకసంఘము నిలిచినది. అంతమాత్రమున ఆ పాకలు ఓడినవని మేము అనజాలము. పదునొకండు నెలలు తాటాకు క్రింద నిలిచిన ఊరు మరియొకటి ఈ తీరమున లేదు.

ఆ యేడే పెదనందిపాడు ఫిర్కాలో పర్వతనేని వీరయ్యచౌదరిగారి నాయకత్వమున పన్ను నిరాకరణము సాగెను. గ్రామోద్యోగులు రాజీనామాలిచ్చిరి, వచ్చిన ఉద్యోగులకును పోలీసులకును ఊళ్లు సాయము నిరాకరించెను. నూరేండ్లుగ ఇతరుల బండ్లపై నడచిన డేరాకు బండి దొరకని నాడు ఎట్లుండునో అధికారులకు అప్పుడు తెలిసియుండును.

ఇతరుల వీపు మీద కాక తన వీపు మీదనే డేరా మోయవలెనను ఆలోచన సీమలో కూడ అప్పటికి కొంచెము ముందుగనే పుట్టినది. లండను దర్జీ థామస్ హైరం హోల్డింగు అనునతడు, సైకిలుమీద పెట్టుకొనదగిన చిన్న డేరాలను తన సూదితోనే కుట్టి, 1901లో సైకిలు విహారుల సంఘమునకు మూలపురుషుడై, 1908లో ఆ విద్యపై ఒక చేతిపుస్తకము వ్రాసెను. దర్జీ చేతిలో పడుటచేతనే డేరా చిక్కినదని మా యూహ. సైన్యపు గిడ్డంగులలో దానిని చిక్కించువాడు లేకపోయెను. తరువాత 1935లో అమెరికాలో నైలాను కనుగొనబడెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము అది డేరాలకు ఎక్కెను.

ఇక యువకుల ప్రశ్నకు వత్తము. నూలుగుడ్డకు ఒక గుణము కలదు. తడిసిన దారము ఉబ్బి, నేతలోని సందులను తానే పూడ్చుకొనును. గాలిని మాత్రము ఆడనిచ్చును. మన పత్తిసీమ వారికి ఇది చెప్పనక్కరలేదు. అయితే లోపలి నుండి వ్రేలు తగిలినచోట నీరు కారును. తడిసిన బరువు పెరుగును. ఆరకముందే మడిచిన బూజు పట్టును. నైలాను ఉబ్బదు; దానికి పూతయే రక్ష. తేలిక, త్వరగ ఆరును. కాని ఎండలో నెలలు వదలిన నీరసించి చిరుగును, ఊపిరిని బయటికి పోనీయదు. ఈ చివరి సంగతి మేము అనుభవముచే నేర్చితిమి. ఒక శ్రావణమాసమున కోటప్పకొండ దాపున ఒంటికప్పు నైలాను డేరాలో తలుపు బిగించి పండుకొంటిమి. నడిరేయి మొగముపై చినుకులు పడినవి. డేరా కారుచున్నదని అమ్మినవానిని నిందించుచు బయటికి వచ్చి చూచిన ఆకాశమున చుక్కలు! మా ఊపిరియే గుడ్డకు తగిలి నీరై మాపైననే కురిసినది.

కావున వారికి మేము చెప్పినది ఇది. మీరు మోయగలదే మీ డేరా. ఇద్దరికి రెండు కిలోలు చాలును. రెండు కప్పులు వేరువేరుగ నుండునది, లోపలి కప్పు దోమతెరవలె గాలియాడునది కొనుడు. దొరగారి డేరాలో మెచ్చదగినది ఆ రెండు కప్పుల నడిమి గాలియే. కడ్డీల వంపుచే తానే నిలుచునది కొనుడు, మేకును నమ్మకుడు. కొండమీద త్రాళ్లను రాళ్లకు కట్టుడు, ఇసుకలో సంచికి ఇసుక నింపి త్రాడు కట్టి అడ్డముగ పాతుడు, వానకారు రేగడిలో అసలు దిగవలదు. కార్తికమున తీరమునకు పోకుడు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూచినవారు దివిసీమలోను రేపల్లె వైపునను ఇంకను ఉన్నారు. నల్లమల పెద్దపులుల అభయారణ్యము. అటవీశాఖ అనుమతి లేక అచట రాత్రి గడుపరాదు. ఇవన్నియు విని, రెండు కిలోల డేరానే కొని, మాఘమాసమున వారు కొండవీటికి పోయిరి.

మరునాడు వచ్చి చెప్పిన కథ మాత్రము వేరు. కొండ ఎక్కకముందే ఫిరంగిపురము చెంత చీకటిపడినది. అకాలపు మబ్బు క్రమ్మినది. త్రోవ ప్రక్క కల్లములో మిరపకాయ ఆరబోసియుండెను. భార్యాభర్తలు ఇద్దరు గబగబ కాయను రాశికి పోగుచేసి పట్టాలు కప్పుచున్నారు. తడిసిన కాయ రంగుపోయి తాలుకాయయగును. ఏడాది కష్టము సగము ధరకు పోవును. ఉన్న పట్టాలు మూడు, రాశులు నాలుగు. యువకులు సంచి విప్పి డేరా పైకప్పు తీసి నాలుగవ రాశిపై పరచి, చుట్టును రాళ్లు పెట్టిరి. వాన గంటసేపు కురిసినదట. రైతు గొంగడి కప్పుకొని రాశి ప్రక్కననే కూర్చుండెను. వీరు నలుగురు బండి క్రింద దూరి తెల్లవార్చిరి. ఆ పైకప్పు నుండి మిరపఘాటు ఇంకను పోలేదనియు, లోపల పండుకొనిన తుమ్ములు వచ్చుచున్నవనియు, దానిని ఎట్లు ఉతుకవలెనో చెప్పుడనియు మరల మా యింటికి వచ్చియున్నారు.